చేష్టాబలం

పాటన్‌లో, ఇటుకల సందు చివర,
మా ఇంటి గుమ్మం పొట్టిది.
వచ్చినవాడెవడైనా తల వంచాల్సిందే,
గ్రహానికి కాదు, దూలానికి.

ఆ సాయంత్రం తేజరత్న శాక్య వంచడం మరిచి
నుదురు కొట్టుకున్నాడు.
చంకలో చుట్టచుట్టిన జాతకం,
గోళ్ళ సందుల్లో రాగి పొడి.
"శని వక్రించాడట కదా, జోషీ దాయ్.
నూట ముప్ఫై ఎనిమిది రోజులట.
ఏం పోస్తే మళ్ళీ తిన్నగా నడుస్తాడు?
నూనా? నువ్వులా?"

చుట్ట విప్పాను. మూరలకొద్దీ పసుపు కాగితం,
అతను పుట్టిననాడు మా నాన్న గీసిన గడులు.
అన్నతో మాటల్లేవు మూడేళ్ళుగా.
అతను చెప్పలేదు. సందంతా ఎరుగును.
ఒకే గోడకు అటొక సుత్తి, ఇటొక సుత్తి.
ఒకటి ఆగాకే ఇంకొకటి మోగుతుంది.
పలకరింపు లేదు గాని
తాళం మాత్రం తప్పరు.

ఏదో ఒకటి చెప్పాలి కదా, జోషీని.
"వక్రించిన గ్రహానికి
చేష్టాబలం నిండుగా అరవై" అన్నాను.
"తిన్నగా పోయేవాడికి అంత రాదు.
వెనక్కి నడిచేవాడికే పూర్తి మార్కులు."
అతను నవ్వలేదు.
ఎందుకలాగ అని అడిగాడు.
నూనె కొలత చెప్పి పంపేశాను.

యాభై ఏళ్ళుగా పంచాంగం చూస్తున్నాను,
ఆకాశం చూసింది తక్కువ.

మర్నాడు కబురు. విగ్రహానికి కళ్ళు తెరవాలట,
ముహూర్తం కావాలట.
గుగ్గిలం, ఇటుకపొడి కలిపి కాచిన నల్లముద్ద మీద
రాగిరేకు బోర్లించి ఉంది.
ముఖమనుకుని వంగి చూశాను.
అన్నీ గుంటలు.

"ఇది తారమ్మ ముక్కు," ఒక గొయ్యి చూపించాడు.
"ఇవి చెక్కిళ్ళు. ఇక్కడ దయ,
ఇంకా లోతు రావాలి."
ముందునుంచి కొడితే రేకు అణుగుతుందట, అంతే.
ముఖం లేవాలంటే వెనకనుంచే కొట్టాలట.
కొట్టినంతసేపూ
కొట్టేవాడికి ముఖం కనపడదట.

ముహూర్తం చెప్పడం మరిచి ఇంటికొచ్చాను.

ఆ రాత్రి మిద్దె ఎక్కాను.
పడమట పొద్దు కుంగిందో లేదో
తూర్పున లేచాడు మందుడు,
సూర్యుడికి సరిగ్గా ఎదురుగా,
ఏడాదిలో ఎన్నడూ లేనంత దగ్గరగా,
ఎన్నడూ లేనంత వెలుగుతో.
వక్రంలో ఉన్నప్పుడే ఇలా వస్తాడని
వందసార్లు చదివి ఉంటాను.
కళ్ళతో చూడటం ఇదే మొదలు.

నిజానికి ఆయన వెనక్కి నడవడు.
లోపలి బాటలో మన భూమికే తొందర.
దాటేసి పోయేవాడి కంటికి
నెమ్మదివాడు వెనక్కి పోతున్నట్టే ఉంటాడు.
అన్నదమ్ముల్లో ఎవరు ఎవరిని దాటారో,
మూడేళ్ళ కింద, ఏ మాట దగ్గరో.

అమ్మ గుర్తొచ్చింది.
కరుణామయుడి గుడినుంచి తిరిగొస్తూ
ఆయనకు వీపు చూపేది కాదు.
ముఖం అటే ఉంచి, మడమతో గడప తడుముకుంటూ
వెనక్కి, వెనక్కి.
ఆలస్యమవుతోందని కొంగు పట్టి లాగేవాణ్ణి.
అది దూరమవడం అనుకున్నాను.

కిందికి దిగి నా సొంత చుట్ట విప్పాను,
ఎన్నేళ్ళకో.
నాలుగో ఇంట్లో శని, పక్కన నాన్న రాసిన చిన్న "వ".
ఆ ఒక్క అక్షరానికి జడిసి
పెళ్ళి ఆలస్యంగా చేసుకున్నాను, ఇల్లు కట్టలేదు,
జ్వరం వచ్చినా దానిమీదే తోశాను.
కాగితం తిరగేశాను.
నాన్న కలం గట్టిగా నొక్కినట్టుంది.
వెనక వైపు, వేలికి తగిలేంత,
అక్షరం ఉబ్బి ఉంది.

తెల్లారకముందే ఒక సుత్తి మోగింది.
కాసేపటికి రెండోది.
మొదటిది ఆగలేదు.
కలిసి కొడుతున్నారో, పోటీపడి కొడుతున్నారో
చెప్పలేను.
నేను జోషీని.
చెవులు నా శాస్త్రం కాదు.